సైనస్‌కు ఉప్పునీళ్ల స్ప్రే ఇంట్లో చేసుకోవచ్చా? ఉప్పు ఎంత, నీళ్లు ఏవి?

యార్డు_గుమస్తా
మిర్చి సీజన్ వచ్చిందంటే నా ముక్కుకు తిప్పలే. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. పొద్దున్నే బస్తాలు దిగుతాయి, కాంటాలు మొదలయ్యేసరికి ఒక పక్క ముక్కు బంద్. రాత్రి పడుకుంటే రెండో పక్క కూడా. కనుబొమ్మల మధ్య, చెంపల దగ్గర బరువు. వంగి ఖాతా పుస్తకం చూస్తే తలంతా దిమ్ము. ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకుంటే దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. దూరంగా ఉంటే జీతం ఎవరిస్తారు? ఉప్పునీళ్ల స్ప్రే రాసిచ్చి రోజుకు నాలుగైదు సార్లు కొట్టుకోమన్నాడు. అది కొట్టుకున్నాక హాయిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ చిన్న డబ్బా, ఇట్టే అయిపోతోంది. దాని మీద చదివితే సోడియం క్లోరైడ్, నీళ్లు, ప్రిజర్వేటివ్ అని ఉంది. ఉప్పూ నీళ్లే కదా, ఇంట్లో చేసుకుంటే ఏమవుతుంది? ఉప్పు ఎంత వేయాలి, ఏ నీళ్లు వాడాలి, ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
ఉప్పులో నీళ్లు పోసి అమ్ముకుని వాళ్లు మేడలు కట్టారు. మనం ఇక్కడ ముక్కులు చీదుకుంటూ కూర్చున్నాం. నేనూ వింటా, చెప్పండి ఎవరైనా.

లష్కర్_బజార్_లక్ష్మి
దీనికి పెద్ద చదువులు కావాలా? గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, అంతే. మా అత్తమ్మ ఏళ్ల నుంచి అరచేతిలో పోసుకుని ముక్కుతో పీలుస్తుంది. ఆమెకు ఏమీ కాలేదు.

సుద్దముక్క_సార్
లక్ష్మి గారూ, ఎవరి చిటికెడు? నా చిటికెడుకూ మా ఆవిడ చిటికెడుకూ ఎంత తేడా ఉందో మా ఇంట్లో పప్పును అడిగితే చెబుతుంది.

ముక్కు లోపలి పొరకు ఉప్పు తక్కువైనా మంటే, ఎక్కువైనా మంటే. ఈత కొడుతుంటే ముక్కులోకి నీళ్లు పోయి నషాళానికి అంటుతుంది చూడండి, అది ఉప్పు లేని నీళ్ల పని. మన రక్తంలో, కన్నీళ్లలో ఉన్న ఉప్పు పాళ్లకు సరిపోయేది 0.9 శాతం. అంటే లీటరు నీళ్లకు 9 గ్రాములు, అర లీటరుకు 4.5 గ్రాములు, పావు లీటరుకు 2.25 గ్రాములు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్‌లో ఉండేదీ ఇదే లెక్క.

చెంచా లెక్క కావాలంటే, దగ్గు మందుతో పాటు వచ్చే 5 ఎంఎల్ కొలత చెంచాలో మెత్తటి ఉప్పు నింపి, పైన సాపు చేస్తే దాదాపు 6 గ్రాములు పడుతుంది. కాబట్టి అర లీటరుకు ముప్పావు చెంచా. దొడ్డు ఉప్పుతో ఈ లెక్క తప్పుతుంది. గళ్ల మధ్య సందులుంటాయి కాబట్టి అదే చెంచాలో బరువు తక్కువ వస్తుంది. దంచి మెత్తగా చేసి కొలవాలి.

ఇంకో సంగతి. నీళ్లు ముందు మరిగించాలి, తర్వాత కొలవాలి, వేడి మీదే ఉప్పు కలపాలి. కొలిచి, ఉప్పు వేసి, ఆ తర్వాత గిన్నెలో చాలాసేపు మరగబెడితే నీళ్లు ఆవిరై ఉప్పు పాళ్లు పెరుగుతాయి. "కరెక్టుగా వేశాను సార్, అయినా మండుతోంది" అనేవాళ్లలో చాలామంది చేసేది ఇదే.

యార్డు_గుమస్తా
సార్, మా దగ్గర క్వింటాళ్లు తూచే కాంటా ఉంది, గ్రాములు తూచేది లేదు.

సుద్దముక్క_సార్
ఇంట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఉన్నా రెండు గ్రాములు దాని మీద సరిగా తెలియవు, ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది. ఒకేసారి 9 గ్రాములు తూచి కాగితం మీద పోసి, కత్తితో నాలుగు సమాన భాగాలు చేసి పొట్లాలు కట్టుకోండి. ఒక పొట్లానికి పావు లీటరు నీళ్లు. పాళ్లలో కాస్త తేడా వచ్చినా ఫరవాలేదు, 0.8 అయినా 1 శాతం అయినా ముక్కు ఒప్పుకుంటుంది. రెట్టింపు అయితే ఒప్పుకోదు.

జమ్మికుంట_పత్తి
అయోడిన్ ఉప్పు వాడొద్దంటారు కదా? కిరాణాలో అడిగితే అన్నీ అయోడైజ్డే అన్నాడు.

సుద్దముక్క_సార్
తినే ఉప్పులో అయోడిన్ కలపాలని రూలే ఉంది, అందుకే దొరకదు. అయోడిన్, ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పొడి, ఈ రెండూ కొందరికి ముక్కులో చురచురలాడతాయి. అంతకుమించి ప్రమాదమేమీ లేదు. పడకపోతే సైంధవ లవణం వాడొచ్చు, కానీ దాంట్లో మట్టి రేణువులు ఉంటాయి కాబట్టి కలిపాక తేరనిచ్చి పై నీళ్లే తీసుకోండి. అసలు మాట ఉప్పు గురించి కాదు, నీళ్ల గురించి. దాన్ని ఎవరూ అడగడం లేదు.

మెడికల్_హాల్_తమ్ముడు
ఇంత లెక్క ఎందుకన్నా? మా షాపుకు వచ్చి ఎన్‌ఎస్ అని అడుగు. నార్మల్ సెలైన్, 100 ఎంఎల్ బాటిల్, 0.9 శాతమే, స్టెరైల్, అంటే క్రిములు లేనిది. రేటు స్ప్రే డబ్బా కంటే చాలా తక్కువ. సిరంజితో గుంజి స్ప్రే బాటిల్‌లో నింపుకో. మా దగ్గర సైనస్ వాళ్లు చాలామంది ఇదే తీసుకుపోతారు. అదీ వద్దంటే ముక్కు కడుక్కునే పొడి ప్యాకెట్లు ఉంటాయి, కొలిచిన ఉప్పూ సోడా కలిపి ఉంటాయి, నీళ్లు కలుపుకోవడమే.

ఓపీ_డ్యూటీ
నేను స్టాఫ్ నర్సును, ఈఎన్‌టీ ఓపీలో చాలా ఏళ్లు చేశాను. తమ్ముడు చెప్పింది సగం కరెక్టు. ఎన్‌ఎస్ బాటిల్ సీలుతో ఉన్నంతవరకే స్టెరైల్. ఒక్కసారి సూది గుచ్చితే ఇక అది మామూలు ఉప్పునీళ్లే, దాంట్లో ప్రిజర్వేటివ్ ఉండదు. 24 గంటలు దాటితే పారబోయాలి. నెల రోజులు వాడుకుంటే లోపల ఏం పెరుగుతుందో కంటికి కనిపించదు.

మెడికల్_హాల్_తమ్ముడు
ఫ్రిజ్‌లో పెడితే అక్కా?

ఓపీ_డ్యూటీ
ఫ్రిజ్‌లో క్రిములు మెల్లగా పెరుగుతాయి, చావవు. పైగా చల్లటి నీళ్లు ముక్కులో కొట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది. ఇంట్లో చేసిందైనా ఇదే మాట. ఏ రోజుకారోజు పావు లీటరు చేసుకుని మిగిలింది రాత్రి పారబోయండి. పోయేది ఒక పొట్లం ఉప్పే.

భద్రకాళి_బండ్_వాకర్
నీళ్ల సంగతి చెప్పండి. మా ఇంట్లో ఆర్‌ఓ ఉంది, తాగడానికి 20 లీటర్ల క్యాన్ కూడా వేయించుకుంటాం. అవి మరగబెట్టక్కర్లేదు కదా? ప్యూర్ వాటరే.

ఓపీ_డ్యూటీ
మరగబెట్టాలి. తాగే నీళ్లకు సరిపోయే శుభ్రత ముక్కుకు సరిపోదు. తాగితే కడుపులో యాసిడ్ ఉంది, చాలా క్రిములు అక్కడే చస్తాయి. ముక్కులో అలాంటి కాపలా లేదు. ముక్కు పైకప్పు దగ్గర వాసన నరాలు పలుచటి ఎముక గుండా నేరుగా మెదడులోకి పోతాయి.

కేరళలో 2024లో పిల్లలు చెరువుల్లో, వాగుల్లో స్నానం చేసి మెదడు వాపుతో చనిపోయారని వార్తలు చూశారు కదా. అది నెగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా. వెచ్చటి మంచినీళ్లలో బతుకుతుంది. తాగితే ఏమీ చేయదు, ముక్కు గుండా పోతేనే ప్రమాదం. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు చనిపోయారు. వాళ్లు ఏ చెరువులోనూ దిగలేదు, ఇంట్లో నల్లా నీళ్లతో ముక్కు కడుక్కున్నారు. చాలా అరుదైన జబ్బు, ప్రతి జలుబుకూ భయపడొద్దు. కానీ వస్తే బతికేవాళ్లు చాలా తక్కువ. దాన్ని ఆపడానికి కావాల్సింది గ్యాస్ మీద గిన్నె, అంతే.

సలసల మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఆగండి, మంట తీసేసి మూత పెట్టి చల్లారనివ్వండి. ఆర్‌ఓ అయినా, క్యాన్ అయినా, వడ్డేపల్లి చెరువు నుంచి వచ్చే నల్లా అయినా, బోరు అయినా ఇదే పద్ధతి. ఆర్‌ఓ మిషన్‌లో నీళ్లు చాలా వడపోసుకునే వస్తాయి, కానీ ట్యాంకులో నిలవ ఉంటాయి. ఆ ట్యాంకు లోపల చివరిసారి ఎప్పుడు కడిగారో చెప్పండి చూద్దాం.

భద్రకాళి_బండ్_వాకర్
దానికి లోపల కడగాలా?!

కాజీపేట_జంక్షన్
మా గల్లీలో మెకానిక్ షెడ్డులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు ఉంటాయి. డిస్టిల్డ్ అంటే మరగబెట్టిందే కదా, డైరెక్టుగా వాడుకోవచ్చా?

సుద్దముక్క_సార్
అది బ్యాటరీలో పోసేది. దాంట్లో లవణాలు లేకుండా చూస్తారు, క్రిములు లేకుండా కాదు. ఏ డ్రమ్ములో నింపారో, ఏ గరాటుతో పోశారో ఆ దేవుడికే తెలియాలి. ఇన్వర్టర్‌కు పోసుకో, ముక్కుకు వద్దు.

కాకి_లెక్క
అందరూ కలిసి జనాన్ని భయపెడుతున్నారు. చిన్నప్పుడు ఊరి చెరువులో పొద్దంతా మునిగినవాళ్లమే, బర్రెలతో పాటు. ఎవరికి ఏమైంది? అమీబా అట, గిమీబా అట. మన తాతలు ఉప్పు తూచుకుని ముక్కు కడుక్కున్నారా?

సింగరేణి_షిఫ్ట్
కాకి అన్నా, నేను గనిలో పని చేస్తా. పైకప్పు ప్రతిరోజూ కూలదు. అట్లని హెల్మెట్ లేకుండా దిగుతానా?

లష్కర్_బజార్_లక్ష్మి
సరే, ఒప్పుకున్నా. మా అత్తమ్మకు ఇకనుంచి కాచి చల్లార్చిన నీళ్లే ఇస్తాను. కానీ నర్సు చెప్పింది అంటే వినదు, డాక్టర్ చెప్పాడని చెప్తా.

ఓపీ_డ్యూటీ
ఏదో ఒకటి చెప్పండి, ఒప్పించడానికి ఇలా చెప్పడం మాకు అలవాటే.

పరకాల_ప్యాకేజ్
తినే సోడా కూడా వేయాలని ఎక్కడో చదివాను. ఎందుకు?

సుద్దముక్క_సార్
ఉప్పునీళ్ల మంటను తగ్గిస్తుంది, చిక్కటి చీమిడిని కొంచెం పలుచన చేస్తుంది. పొడిగా కలిపి పెట్టుకునేవాళ్లు మూడు వంతుల ఉప్పుకు ఒక వంతు సోడా కలిపి, పావు లీటరు నీళ్లకు ఆ మిశ్రమం ఒక చెంచా వేస్తారు. ఇది 0.9 కంటే ఘాటైన పాళ్లు. మొదటిసారి చేసుకునేవాళ్లు అర చెంచాతో మొదలుపెట్టడం మేలు. వేయకపోయినా నష్టం లేదు. కానీ జాగ్రత్త, తినే సోడా వేరు, బట్టల సోడా వేరు. కిరాణాలో సోడా అని అడిగితే కొందరు ఏదో ఒకటి పొట్లం కట్టి ఇస్తారు. బట్టల సోడా ముక్కులో పడితే పొర కాలుతుంది. పేరు రాసి ఉన్న ప్యాకెట్ కొనండి.

జమ్మికుంట_పత్తి
ఉప్పు ఎక్కువ వేస్తే వాపు బాగా దిగుతుందని మా వదిన అంటుంది. ఆమె ముక్కులో కొట్టుకున్నాక ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంది.

ఓపీ_డ్యూటీ
మీ వదిన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. 2, 3 శాతం ఉప్పునీళ్లు వాచిన పొరలోంచి నీటిని గుంజుతాయి. షాపులో కూడా అలాంటి స్ప్రేలు దొరుకుతాయి. కానీ మంట, పొడిబారడం, ఒక్కోసారి రక్తం చార. డాక్టర్ చెబితే కొన్నాళ్లు వాడాలి. రోజూ ఇంట్లో చేసుకునేదానికి 0.9 చాలు.

యార్డు_గుమస్తా
అందరికీ థాంక్స్. సార్ చెప్పినట్టు పొట్లాలు కట్టాను. మా ఆవిడ చూసి ఎవరికి మందు పెడుతున్నావంది. నిన్న చేసుకుని కొట్టుకున్నా, మంట అస్సలు లేదు, షాపు దానికీ దీనికీ తేడా తెలియలేదు. కానీ స్ప్రే బాటిల్ సమస్య. పాతది నోరు బిగించి ఉంది, ఊడటం లేదు. ఏ బాటిల్ వాడాలి?

కాజీపేట_జంక్షన్
సెంటు బాటిల్. లోపల మిగిలినదానితో కలిపి కొట్టుకుంటే యార్డులో నువ్వే రాజువు.

మెడికల్_హాల్_తమ్ముడు
సెంటు, శానిటైజర్, అద్దాలు తుడిచే బాటిల్ ఏదీ వద్దు, ఎంత కడిగినా వాసన పోదు. ముక్కు స్ప్రే మూత ఉన్న ఖాళీ బాటిళ్లు 30 ఎంఎల్‌వి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. షాపులో కొన్న సెలైన్ డబ్బాల్లో మూత తిరిగేవి ఉంటాయి, అయిపోయాక వాటిని వాడుకోవచ్చు. లోపల గుండు ఉండి మూతి అతికించినవి ఊడవు, బలవంతంగా ఊడబెరికితే మళ్లీ పడవు.

ఓపీ_డ్యూటీ
బాటిల్ దగ్గరే అందరూ అశ్రద్ధ చేస్తారు. పంపు నొక్కి వదిలినప్పుడు గాలి లోపలికి పోతుంది, దాంతో పాటు మొనకు అంటిన చీమిడి కూడా. మొన ఇంకా ముక్కులో ఉండగానే వేలు తీయకండి. నొక్కి పట్టుకునే బయటికి తీసి, అప్పుడు వదలండి. ప్రతిసారీ మొనను శుభ్రమైన గుడ్డతో తుడవండి. రోజూ నీళ్లు మార్చేటప్పుడు సబ్బు నీళ్లతో కడిగి, కాచిన నీళ్లతో తొలిచి, పంపులోంచి కూడా రెండుసార్లు ఆ నీళ్లు కొట్టి, విప్పి ఆరబెట్టండి. ఒకరి బాటిల్ ఇంకొకరు వాడొద్దు, మొగుడూ పెళ్లాలైనా సరే.

కొట్టుకునే తీరు కూడా చెప్తా. తల వెనక్కి వాల్చొద్దు, కొద్దిగా ముందుకు వంచండి. కుడి పక్క ముక్కుకు ఎడమ చేయి, ఎడమ పక్కకు కుడి చేయి. అప్పుడు మొన తనంతట తానే చెవి వైపు తిరుగుతుంది. నడిమి గోడ మీద కొడితే అక్కడ పొర పొడిబారి రక్తం కారుతుంది. గట్టిగా పీల్చొద్దు, పీలిస్తే అంతా గొంతులోకే పోతుంది.

యార్డు_గుమస్తా
ఎడమ చేయి, కుడి ముక్కు. ఇది డాక్టర్ చెప్పలేదు. ఇన్నాళ్లూ గోడకే కొడుతున్నట్టున్నా.

హనుమకొండ_సూర్యనమస్కారం
ఇంత చర్చలో జలనేతి పేరు, అదే ముక్కు కడుక్కునే యోగ పద్ధతి, ఎవరూ ఎత్తలేదు. స్ప్రే అంటే నాలుగు చుక్కలు. పొర తడుస్తుంది, ఎండిన పక్కు మెత్తబడుతుంది, అంతవరకే. దుమ్ము బయటికి పోవాలంటే నీళ్లు పారాలి. నేతి పాత్ర మొన ఒక పక్క ముక్కులో పెట్టి, తల పక్కకు వంచి, నోటితో గాలి పీలుస్తూ ఉంటే రెండో పక్క నుంచి ధారగా వస్తుంది. పక్కకు వంద ఎంఎల్ పైన పడుతుంది. నాకు వయ్యారిభామ పూసే రోజుల్లో తుమ్ములు ఆగేవి కావు. పొద్దున నేతి మొదలుపెట్టాక గోళీలు బాగా తగ్గాయి. మొదటిసారి చేసినప్పుడు బయటికి వచ్చిన సరుకు చూసి నేనే నమ్మలేదు, వర్ణించను, అన్నం తినే టైమ్.

నీళ్లు, ఉప్పు లెక్క పైన సార్, అక్క చెప్పిందే. అయ్యాక ముందుకు వంగి తల అటూ ఇటూ తిప్పి నీళ్లు కారనివ్వాలి. ముక్కు రెండు పక్కలా మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవిలోకి ఎగదన్నుతాయి, రోజంతా చెవి దిబ్బెడ.

కాకి_లెక్క
చూశారా, మనవాళ్లకు ఎప్పుడో తెలుసు.

హనుమకొండ_సూర్యనమస్కారం
తెలుసు కాకి గారూ, మా గురువు గారు కాచి వడగట్టిన నీళ్లు లేకపోతే పాత్ర ముట్టనిచ్చేవారు కాదు.

ఓపీ_డ్యూటీ
నేతి మంచిదే. కానీ ముక్కు రెండు పక్కలా పూర్తిగా బంద్ ఉన్నప్పుడు, చెవి నొప్పి ఉన్నప్పుడు చేయొద్దు. నీళ్లకు దారి లేకపోతే చెవిలోకి పోతాయి. ముక్కు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ ఎప్పుడు చెబితే అప్పుడే.

పరకాల_ప్యాకేజ్
మా బావ జేబులో ఎప్పుడూ ముక్కు చుక్కల మందు ఉంటుంది. వేసుకున్న నిమిషంలో ముక్కు తెరుచుకుంటుంది. ఉప్పునీళ్లు అంత పవర్ లేవంటాడు. పెళ్లిలో తలంబ్రాలప్పుడు కూడా తువ్వాల అడ్డం పెట్టుకుని వేసుకున్నాడు, వీడియోలో వచ్చింది.

మెడికల్_హాల్_తమ్ముడు
జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు అయి ఉంటాయి. అవి పొరలోని రక్తనాళాలను బిగిస్తాయి, అందుకే వెంటనే దారి ఇస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు, అంతకంటే వద్దు. ఆ తర్వాత మందు దిగగానే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. మీ బావకు ఇప్పుడున్నది సైనస్ కాకపోవచ్చు, ఆ చుక్కల బందే. బీపీ ఉంటే ఇంకా జాగ్రత్త. డాక్టర్‌కు చూపించి మాన్పించండి, ఒక పక్క ముక్కుకు ముందు ఆపి, తర్వాత రెండో పక్క ఆపే పద్ధతి కూడా చెబుతారు. మా షాపులో నెలకు ఎన్ని డబ్బాలు ఒకే మనిషికి పోతాయో చెబితే యజమాని నన్ను పంపించేస్తాడు.

సింగరేణి_షిఫ్ట్
గోదావరిఖనిలో మాది వేరే రకం. గని నుంచి పైకొచ్చి ముక్కు చీదితే రుమాలు మీద నల్లగా బొగ్గే. ఉప్పునీళ్లు కొట్టుకుంటే రెండోసారికి బూడిద రంగు, తర్వాత తెల్లగా వస్తుంది. తలనొప్పి తగ్గిందని చెప్పను, కానీ రాత్రి నిద్ర పడుతుంది. మాస్కు పెట్టుకున్న రోజు సగం తక్కువ వస్తుంది. గుమస్తా అన్నా, మీ యార్డులో మాస్కు పెట్టుకోరా?

యార్డు_గుమస్తా
మాస్కు పెట్టుకుంటే రైతుకు మన మాట వినపడదు, ధర విషయంలో గొడవ. చపాటా రకం మిర్చి లాట్ దగ్గర నిలబడొచ్చు, దాని రంగే గానీ ఘాటు తక్కువ. తేజ రకం లాట్ కలియబెట్టినప్పుడు మాత్రం కోతికి కూడా తుమ్ము వస్తుంది.

సుద్దముక్క_సార్
తేజలో కాప్సైసిన్, అంటే ఘాటునిచ్చే పదార్థం, ఎక్కువ. అది నరాలను రెచ్చగొట్టి ముక్కు కారేలా చేస్తుంది, దీనికి క్రిమీ అక్కర్లేదు, అలర్జీ కూడా అక్కర్లేదు. అందుకే యాంటీబయోటిక్ వేసుకున్నా తగ్గదు. లాట్ కలియబెట్టే ఆ కాసేపైనా మాస్కు, ఇంటికి పోయాక ఉప్పునీళ్లు. వరస తప్పితే ఖర్చు ఎక్కువ.

ఓపీ_డ్యూటీ
సింగరేణి అన్న నలుపు మాట ఎత్తాడు కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. దుమ్ము నలుపు కడిగితే పోతుంది, అందరికీ రెండు పక్కలా వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ముక్కులో నల్లటి పక్కు కట్టి, చెంప మొద్దుబారి, కన్ను వాచి, చూపు రెండుగా కనిపిస్తే అది వేరు. 2021లో కరోనా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు మర్చిపోయారా? అలాంటి లక్షణాలకు ఉప్పునీళ్లు, నేతి, ఆవిరి అంటూ ఒక్క రోజు కూడా ఆగొద్దు. అదే గంటలో ఎంజీఎం అయినా, ఇంకేదైనా, పెద్దాసుపత్రికి పోవాలి.

మామూలు జలుబుతో వచ్చే ముక్కు దిబ్బెడ చాలావరకు వైరస్‌ది. వారం పది రోజుల్లో తగ్గుతుంది, దానికి యాంటీబయోటిక్ పని చేయదు. పది రోజులు దాటినా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబడితే, ఒకే పక్క నుంచి కంపు చీమిడి వస్తుంటే, పదే పదే రక్తం వస్తుంటే చూపించుకోండి. ఒకే పక్క కంపు వచ్చే చిన్నపిల్లల ముక్కులో మాకు చింతగింజ, బలపం ముక్క, పూస దొరికిన రోజులున్నాయి. పెద్దవాళ్లలో దూలం వంకర ఉన్నా, లోపల కండ పెరిగినా ఎంత కడిగినా బంద్ పోదు. ఇంకోటి, నుదురు నొప్పి వస్తే అందరూ సైనస్ అంటారు, వాళ్లలో చాలామందికి ఉన్నది మైగ్రేన్. వెలుతురు పడకపోవడం, వాంతి వచ్చినట్టు ఉండటం ఉంటే ముక్కును వదిలేసి ఆ సంగతి చెప్పండి డాక్టర్‌కు.

పరకాల_ప్యాకేజ్
మా బాబుకు మూడేళ్లు, సర్ది అయితే రాత్రంతా నోటితో గాలి పీలుస్తాడు. ఇంట్లో చేసింది వాడికి వేయొచ్చా? ఆవిరి పట్టించమంటుంది మా అమ్మ, నీళ్లలో బామ్ వేసి.

ఓపీ_డ్యూటీ
చిన్నపిల్లలకు షాపులో సీలుతో దొరికే సెలైన్ చుక్కలే కొనండి, రెండు చుక్కలు, కొద్దిసేపు ఆగి తుడవండి. అక్కడ పొదుపు వద్దు. ఆవిరి గిన్నె మీద పడి కాలిన పిల్లల్ని చాలామందిని చూశాను, దుప్పటి లోపల గిన్నె తన్నేస్తారు. కర్పూరం, బామ్ చిన్నపిల్లల ముక్కు దగ్గర పెట్టొద్దు.

భద్రకాళి_బండ్_వాకర్
నాకు స్టెరాయిడ్ స్ప్రే రాశారు, ఫ్లూటికాసోన్. రెండు రోజులు వాడినా ఏమీ అనిపించక పక్కన పెట్టేశా. ఇప్పుడు ఉప్పునీళ్లు కొడితే అది అక్కర్లేదా?

మెడికల్_హాల్_తమ్ముడు
అది రెండు రోజుల్లో చూపించదు సార్, వారం రెండు వారాలు రోజూ కొడితే తెలుస్తుంది. ముందు ఉప్పునీళ్లతో కడిగి, పది పదిహేను నిమిషాలు ఆగి అది కొట్టండి. చీమిడి మీద కొడితే మందు చీమిడికే పోతుంది. దాని తర్వాత వెంటనే ఉప్పునీళ్లు కొట్టొద్దు, కొన్న మందంతా కడుక్కున్నట్టే.

కాకి_లెక్క
సరే, చివరికి నేనూ చేశా. మరిగించే చేశా, ఎవరూ మాట్లాడొద్దు. గొంతులోకి ఉప్పగా దిగింది, మింగితే ఏమైనా అవుతుందా?

ఓపీ_డ్యూటీ
ఏమీ కాదు, ఉమ్మేయండి. అంత దిగిందంటే తల వెనక్కి వాల్చి ఉంటారు.

జమ్మికుంట_పత్తి
మా అమ్మ శనివారం ఒక్కపొద్దు, ఆ రోజు ఉప్పు ముట్టదు. ముక్కులో ఉప్పునీళ్లు కొట్టుకుంటే ఒక్కపొద్దు చెడుతుందా అని అడుగుతోంది. ఎవరు చెప్తారు ఇది? సారా, అక్కా?

సుద్దముక్క_సార్
సిలబస్‌లో లేదు.

లష్కర్_బజార్_లక్ష్మి
మా అత్తమ్మను అడిగి వచ్చా. ఆమెదీ శనివారమే. గొంతులోకి దిగకుండా ఉమ్మేస్తే చెడదంట, దిగితే ఆ పూట ఉపవాసం లెక్కలోకి రాదంట. అందుకే తల ముందుకు వంచమంది.